లిస్బన్ పురపాలక సౌధం వయసెంత? మూడు తేదీలూ, మూడు మంటలూ

లిస్బన్ ప్రయాణానికి సిద్ధమవుతూ మీరు అడిగిన ప్రశ్న చూశాను. అక్కడి నగరపాలక భవనం 1774 నాటిదని ఒక పుస్తకంలోనూ, 1880 నాటిదని మరొకదానిలోనూ, 1996 తరువాత కట్టినదని ఇంకొకచోటా చదివి, వీటిలో దేన్ని నమ్మాలని అడిగారు. చుట్టుపక్కల వీధుల్లోని ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండగా ఇదొక్కటే ఎందుకు వేరుగా ఉందనీ, లోపల చూడదగినవి ఏమిటనీ, దాని మీద దేశపు జెండా తలకిందులుగా ఎగురుతున్న ఫోటో నిజమేనా అనీ కూడా అడిగారు. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఆ నగరంలోని కొయ్య చట్రపు గోడలను బాగుచేసే పద్ధతి నేర్చుకోవడానికి కొన్ని నెలలు అక్కడ ఉన్నాను. ఆ రోజుల్లో ఈ భవనం ముందు నుంచి నడవని రోజు దాదాపు లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చదివిన మూడు తేదీలూ తప్పు కాదు. అయితే ఆ మూడూ ఒకే వస్తువును గురించి చెప్పినవి కావు. 1774 అన్నది ఈ చోట నగరపాలక భవనం మొదటిసారి వెలసిన కాలం, 1880 అన్నది ఇప్పుడు మనకు కనిపించే గోడలూ స్తంభాలూ పూర్తయిన సంవత్సరం, 1996 అన్నది పై అంతస్తులు కాలిపోయిన ఏడాది. కాబట్టి వయసు అడిగినప్పుడు స్థలం వయసా, గోడల వయసా, కప్పు వయసా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మూడు వయసుల్లో ప్రతి ఒక్కటీ ఒక అగ్నిప్రమాదంతోనే మొదలైంది. ఆ వరుసలో చెబితే మిగిలిన ప్రశ్నలకు కూడా జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ముందుగా పేరు సంగతి. పోర్చుగల్‌లో ఇటువంటి భవనాన్ని ‘పాసుష్ దు కొన్సెల్యు’ అంటారు. ‘పాసు’ అంటే రాజప్రాసాదం, ‘కొన్సెల్యు’ అంటే పురపాలక పరిధి. మంత్రాలోచన సభకు వాడే మాట కూడా చెవికి దాదాపు ఇలాగే వినిపిస్తుంది కాని, వారి లిపిలో ఒక అక్షరం మారుతుంది. పటంలో వెతికేటప్పుడు ఈ తేడా ఉపయోగపడుతుంది. పాలకమండలిని ‘కామర మునిసిపాల్’ అంటారు. హిందీ, ఉర్దూ భాషల్లో గదికి వాడే ‘కమ్రా’ అన్న మాట ఈ ‘కామర’ నుంచి వచ్చినదే. మన తెలుగులో కట్టుబడి పని చేయించే మేస్త్రి కూడా పోర్చుగీసు ‘మెష్త్ర’ నుంచి వచ్చినవాడే కనుక, అక్కడి పనివాళ్లు తమ పెద్దను ఆ మాటతో పిలుస్తుంటే మొదటి రోజుల్లో నాకు సొంత ఊరి కట్టుబడి చోటికి వచ్చినట్టే ఉండేది.

1755కు ముందు నగర సెనేటు ఈ చోట లేదు. లిస్బన్ ప్రధాన చర్చి పక్కన, ఊరివాళ్లు అమితంగా అభిమానించే సెయింట్ ఆంటోనీ పుట్టాడని చెప్పే ఇంటి వద్ద మధ్యయుగం నుంచి అది సమావేశమవుతూ ఉండేది. ఆ సంవత్సరం నవంబరు 1న, సకల పునీతుల పండుగ ఉదయం, జనం ప్రార్థనల్లో ఉన్న వేళ భూకంపం వచ్చింది. తరువాత నది వైపు నుంచి సునామీ వచ్చింది, ఆపైన చర్చిల్లో వెలిగించిన కొవ్వొత్తుల నుంచి, ఇళ్లలోని పొయ్యిల నుంచి అంటుకున్న మంటలు రోజుల తరబడి ఆరలేదు. నది ఒడ్డున ఉన్న రాజప్రాసాదం, దాని పక్కనే కట్టి ఏడెనిమిది నెలలైనా గడవని రాజ ఒపెరా భవనం, ఆ పరిసరాల్లోని చర్చిలు అన్నీ నాశనమయ్యాయి. ఇప్పుడు నగరపాలక భవనం ఉన్న చోటు సరిగ్గా ఆ బూడిద నడుమనే ఉంది. ఇది మొదటి మంట.

తరువాత జరిగిన పునర్నిర్మాణం గురించి మీరు తప్పక చదివే ఉంటారు కాబట్టి ఈ భవనానికి సంబంధించినంత వరకే చెబుతాను. తరువాతి కాలంలో పొంబాల్ మార్క్వెస్ అయిన మంత్రి అధికారం కింద, అప్పటికే ఎనభైకి దగ్గరపడిన సైనిక ఇంజనీరు మాన్వెల్ ద మాయా, ఆయన కింద యూజేనియు దుష్ సాంతుష్, హంగరీ నుంచి వచ్చిన కార్లుష్ మార్దెల్ కలిసి, ‘బైషా’ అనే దిగువ పట్టణాన్ని గళ్ల నుడికట్టులా నేరుగా గీసిన వీధులతో కొత్తగా నిర్మించారు. ఇళ్లన్నిటికీ ఒకే ఎత్తు, ఒకే రకం కిటికీలు, ఒకే కొలత రాళ్లు నిర్ణయించారు. అలంకారం కంటే వేగం, పొదుపు, భద్రత ముఖ్యమని వాళ్లు నిశ్చయించుకున్నారు. మీకు అచ్చులో పోసినట్టు కనిపించినది ఆ నిశ్చయమే.

ఆ ఇళ్ల లోపల ఏముందో నేను ఒకసారి దగ్గరగా చూశాను. బైషాలో మరమ్మతు జరుగుతున్న ఒక ఇంటి మూడో అంతస్తులో గచ్చు మొత్తం ఒలిచివేసిన గోడ అది. నిలువు కొయ్యలు, అడ్డ కొయ్యలు, వాటి మధ్య ప్రతి గడిలోనూ మూలనుంచి మూలకు దాటుతూ గుణకారపు గుర్తులా రెండు కొయ్యలు, వాటి సందుల్లో సున్నంతో కలిపి కూరిన రాళ్లు, పెంకు ముక్కలు కనిపించాయి. రెండు కొయ్యలు దాటుకునే చోట ఒక్కొక్కదానిలో సగం మందం తొలిచి ఒకదానిలో ఒకటి కూర్చారు. ఆ కూర్పులో నా చూపుడు వేలి గోరు కూడా దూరలేదు. దీన్ని వాళ్లు ‘గయోల’ అంటారు, అంటే పంజరం. నేల ఊగినప్పుడు రాతిగోడ పగిలినా పంజరం వంగి మళ్లీ నిలదొక్కుకుంటుందన్నది దాని వెనుక ఉన్న లెక్క. నమూనా పంజరం చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి, ఆ అదురుకు అది తట్టుకుంటుందో లేదో పరీక్షించారని చెబుతారు. భూకంపంతో పాటు మంటను కూడా వాళ్లు మరిచిపోలేదు. దుకాణాలుండే కింది అంతస్తుకు కొయ్య కప్పుకు బదులు ఇటుక కమానులు వేశారు, పక్క పక్క ఇళ్ల మధ్య గోడలను ఇంటికప్పు కంటే ఎత్తుకు లేపి నిప్పు దాటకుండా అడ్డుకట్ట వేశారు. అయినా ఇంటి నడుము అంతా కొయ్యే కనుక, ఒకసారి లోపల అంటుకుంటే ఆ ఇల్లు దక్కదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

ఈ కొత్త పట్టణపు పడమటి అంచున, నదీతీరపు పెద్ద చౌకుకు కూతవేటు దూరంలో, నగర పాలకులకు ఒక చిన్న చౌకునూ ఒక భవనాన్నీ కేటాయించారు. ఆ మొదటి భవనం 1774 నాటికి సిద్ధమైంది. అది చుట్టుపక్కల వాటి పద్ధతిలోనే, వాటిలో కలిసిపోయేట్టు కట్టినది. దాని ముందు నిలబెట్టిన శిక్షాస్తంభం మాత్రం ఇప్పటికీ ఉంది. ‘పెలోరిన్యు’ అని పిలిచే ఈ స్తంభం ప్రతి పోర్చుగీసు పురానికీ ఉండేది. నేరస్థులను కట్టి జనం ముందు నిలబెట్టడానికి పుట్టినదే అయినా, ఈ ఊరికి తన సొంత న్యాయాధికారం ఉంది అని చాటే గుర్తుగా దానికి ఎక్కువ విలువ. పాత గోవాలో ‘హాత్ కాత్రో ఖాంబో’ అని స్థానికులు పిలిచే రాతి స్తంభం చూసి ఉంటే, అది కూడా ఈ కోవలోనిదే. లిస్బన్ స్తంభం అయితే శిక్షకు పనికివచ్చేటంత మొరటుగా లేదు. మూడు పాయల జడలా మెలితిరిగిన రాతి కాండం, పాయల మధ్య ఖాళీ, పైన లోహంతో చేసిన ఖగోళ గోళం. మధ్యాహ్నం వేళ దాని దగ్గర నిలబడి పాయల సందులోంచి చూస్తే వెనుక ఉన్న భవనం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అందరూ భవనాన్ని ఫోటో తీస్తారు కాని ఆ చౌకులో అన్నిటికంటే పాతది, ఒక్కసారి కూడా కాలనిది, ఈ స్తంభమే.

రెండో మంట 1863 నవంబరు 19న వచ్చింది. నగరపాలక భవనం పూర్తిగా కాలిపోయింది. కాలిన తరువాత ఉన్నదాన్ని ఉన్నట్టు కట్టి ఉంటే మీ రెండో ప్రశ్నే పుట్టేది కాదు. కాని అప్పటికి కాలం మారింది. భూకంపం తరువాత నూరేళ్లు గడిచాయి. రైలుమార్గం వచ్చింది, రాజ్యాంగబద్ధమైన రాజరికం కుదురుకుంది, నగరం తన పాత అంచులు దాటి ఉత్తరానికి పెరగాలని చూస్తోంది. పొంబాల్ కాలంలో నగరపాలక సంస్థ మంత్రి మాట వినే ఒక కార్యాలయం మాత్రమే. ఇప్పుడు అది సొంత ఇంజనీర్లనూ సొంత ప్రణాళికలనూ సొంత అభిమానాన్నీ పెంచుకుంది. అటువంటి సంస్థ తన ఇంటికి వీధిలో కలిసిపోయే ముఖం కాక, వీధిలోంచి బయటికి వచ్చి నిలబడే ముఖం కోరుకుంది.

ఆ ముఖాన్ని ఇచ్చినవాడు వాస్తుశిల్పి దొమింగుష్ పరెంత్ ద సిల్వ. 1860ల మధ్యలో మొదలైన పని 1880లో ముగిసింది. పద్ధతి నవ్య సాంప్రదాయికం, అంటే గ్రీకు రోమను దేవాలయాల స్తంభాలనూ త్రికోణ శిఖరాన్నీ తీసుకుని పాలనా భవనానికి అమర్చే పద్ధతి. ఐరోపా అంతటా అప్పటికి ఇది కొత్త కాదు, ఇంకా చెప్పాలంటే కొంచెం పాతబడినది కూడా. కాని బైషా నడుమ దాన్ని పెట్టడంలో తెగువ ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ల గోడలు చదునైనవి, వాటి కిటికీలు గోడలోకి కోసినట్టుంటాయి. ఇక్కడ మధ్యభాగం ముందుకు పొడుచుకు వచ్చి, స్తంభాలు గోడ నుంచి విడివడి నీడ వేస్తాయి, ఆ నీడల మీద శిఖరం కూర్చుంటుంది. కింది అంతస్తు బరువుగా, గట్టిగా ఉంటుంది. గౌరవ అంతస్తు అనిపించుకునే మొదటి అంతస్తులో వసారా ఉంటుంది. తేడా ఎక్కడుందని నన్ను ఒక్కమాటలో చెప్పమంటే, పొంబాల్ కాలపు ఇళ్లు గీతతో కట్టినవి, ఇది నీడతో కట్టినది అంటాను.

పనిలో ఆయన ఒక్కడే లేడు. లోపలి నిర్మాణంలో నగర ఇంజనీరు ఫ్రెదెరికు రెసానో గార్సియా చెయ్యి ఉంది. పారిస్‌లో వంతెనలూ రహదారుల విద్య చదివి వచ్చిన ఈయనే తరువాత లిస్బన్‌ను ఉత్తరానికి తెరిచిన విశాలమైన లిబెర్దాద్ అవెన్యూ వెనుక ఉన్న మనిషి. ముందువైపు ముఖం ఒక వాస్తుశిల్పి ఊహ, లోపలి నడక ఒక ఇంజనీరు లెక్క అని నాకు అనిపిస్తుంది. ఆ రెంటి మధ్య పూర్తి పొత్తు కుదిరిందని నేను అనను. చౌకు చిన్నది, శిఖరం పెద్దది. దాన్ని నిండుగా చూడటానికి వెనక్కి నడవబోతే నడవడానికి చోటు చాలదు.

శిఖరంలోని శిల్పం ఫ్రెంచివాడైన అనతోల్ కాల్మెల్స్ చెక్కినది. పారిస్‌లో పుట్టి పోర్చుగల్‌లో స్థిరపడ్డ ఈ శిల్పిని మీరు లిస్బన్‌లో మరొకచోట కూడా చూస్తారు. నదీతీరపు చౌకులో అగుస్త వీధి తోరణం శిఖరాన, ఇద్దరి తలల మీద పూలదండలు పెడుతూ నిలబడ్డ కీర్తిదేవత ఉన్న పెద్ద శిల్పసముదాయం ఆయనదే. పోర్తు నగరం నడిబొడ్డున నాలుగో పెద్రు రాజు గుర్రపు విగ్రహం కూడా ఆయన చేతి పనే. నగరపాలక భవనం మీద ఆయన నగర చిహ్నం చుట్టూ సద్గుణాలకూ వృత్తులకూ ప్రతీకలైన మనుష్య మూర్తులను అమర్చాడు.

ఆ నగర చిహ్నం సంగతి తెలిస్తే ఊరంతా వేరుగా కనిపిస్తుంది. ఒక ఓడ, దాని రెండు కొనల మీద రెండు బొంతకాకులు. 1173లో మొదటి రాజు అఫోన్సు ఎన్రీకిష్ కాలంలో, దేశపు నైరుతి కొసన ఉన్న అగ్రం నుంచి సెయింట్ విన్సెంట్ అవశేషాలను ఓడలో లిస్బన్‌కు తెచ్చినప్పుడు, వాటికి కాపలాగా కాకులు ఓడ వెంట వచ్చాయన్నది కథ. దీపస్తంభాల మీద, మురుగు గుంతల ఇనుప మూతల మీద, కాలిబాటల్లో నలుపు తెలుపు రాళ్లతో పేర్చిన బొమ్మల్లో మీకు ఈ ఓడ కనిపిస్తూనే ఉంటుంది. నగరపాలక సంస్థ తాకిన ప్రతి వస్తువు మీదా ఆ కాకులుంటాయి. మన దగ్గర కాకి గడప మీద వాలితే చుట్టాలొస్తారంటారు. ఇక్కడ అవి ఏకంగా ఊరి ముద్రనే మోస్తున్నాయి.

లోపలి సంగతికి వస్తే, మొదట చూడవలసినది మధ్యలోని పెద్ద మెట్లదారి. ఇటువంటి భవనంలో మెట్లు ఎక్కడానికి మాత్రమే కాదు, ఎక్కుతూ ఉండగా మనిషి తాను ఒక ప్రాముఖ్యం గల చోటికి వెళుతున్నానని తెలుసుకోవడానికి. అక్కడ రాతిని చేతితో తడిమి చూడండి. లిస్బన్ రాయి అంటే ‘లియోష్’ అనే సున్నపురాయి. నగరానికి వాయవ్యంగా సింత్ర వైపున్న గనుల నుంచి వచ్చే ఈ రాయి పాలలో గులాబీ చుక్క కలిపిన రంగులో ఉంటుంది. నున్నగా మెరుగుపెట్టిన చోట శిలాజాలైన గవ్వల కోతలు వంకర టింకర గీతల్లా కనిపిస్తాయి. ఓడలు బరువు కోసం దీన్ని అడుగున వేసుకుని బ్రెజిల్‌కు కూడా తీసుకెళ్లాయి. పై అంతస్తు గదుల్లో పైకప్పులకూ గోడలకూ చిత్రాలు వేసినవారిలో పెరైర కావ్ అని పేరుపడ్డ జుజే పెరైర జూనియర్, ఆ తరంలో పెద్ద చిత్రకారులైన కొలుంబాను బొర్దాలు పిన్యైరు, జుజే మాల్యోవా ఉన్నారు. చిత్రకళ మీద ఆసక్తి ఉంటే మొదట వీళ్ల పనిని మ్యూజియంలో చూసి తరువాత ఇక్కడికి రండి. మ్యూజియంలో అవి చిత్రాలు, ఇక్కడ గదిలో భాగాలు. ఈ భవనం ఇప్పటికీ పనిచేసే కార్యాలయం కనుక ఎప్పుడు పడితే అప్పుడు లోనికి పోనివ్వరు. సందర్శన రోజులు ముందుగా కనుక్కుని వెళ్లండి.

అయితే ఈ భవనంలో అందరికీ తెలిసిన భాగం మెట్లూ కాదు, చిత్రాలూ కాదు, ముందువైపు వసారా. 1910 అక్టోబరు 5 ఉదయం ఆ వసారా నుంచి జుజే రెల్వష్ పోర్చుగల్‌లో రాజరికం ముగిసిందనీ గణతంత్రం ఏర్పడిందనీ ప్రకటించాడు. రాజప్రాసాదం నుంచో పార్లమెంటు నుంచో కాక నగరపాలక భవనం నుంచి ఎందుకు ప్రకటించారన్నది మంచి ప్రశ్న. జవాబు రెండేళ్ల ముందటి ఎన్నికల్లో ఉంది. 1908లో జరిగిన నగర ఎన్నికల్లో గణతంత్ర పక్షం లిస్బన్ పాలకమండలి స్థానాలన్నీ గెలుచుకుంది, చరిత్రకారుడు అన్సెల్ము బ్రామ్‌కంప్ ఫ్రైర మండలికి అధ్యక్షుడయ్యాడు. రాజు ఇంకా సింహాసనం మీద ఉండగానే రాజధాని నగరపు ఇల్లు గణతంత్రవాదుల చేతిలో ఉంది. విప్లవం గెలిచాక జెండా ఎగరేయడానికి వాళ్లు ఏ కోటనూ పట్టుకోవలసిన అవసరం లేకపోయింది, తమ ఇంటికే నడిచి వచ్చారు.

ఆ విజయం వచ్చిన తీరులో కొంత తమాషా ఉంది. అంతకుముందు రెండు రోజులు పోరు ఎటూ తేలలేదు. నౌకాదళపు ఓడలు రాజు ఉన్న ప్రాసాదం మీద గుళ్లు కురిపించాయి, మరోవైపు రాజు పక్షపు సేన రొసియు చౌకులో నిలిచే ఉంది. 5వ తేదీ ఉదయం జర్మనీ దౌత్యప్రతినిధి తమ దేశస్థులను సురక్షితంగా పంపించడానికి కాసేపు కాల్పులు ఆపమని అడగడానికి తెల్లజెండాతో బయలుదేరాడు. ఆ తెల్లజెండాను చూసి జనం రాజు సేన లొంగిపోయిందనుకున్నారు, వీధుల్లోకి వచ్చి సైనికులను కౌగిలించుకున్నారు. ఆ తరువాత తిరిగి కాల్పులు మొదలుపెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇరవై ఏళ్ల రాజు రెండో మాన్వెల్ ఎరిసైర అనే జాలరిపల్లె తీరం నుంచి ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. ఇంకో సంగతి, నదికి ఆవలి ఒడ్డున ఉన్న అల్మాదలోనూ, నగరానికి ఉత్తరాన ఉన్న లోరిష్‌లోనూ స్థానికులు ఒకరోజు ముందే, 4వ తేదీనే, తమ పురపాలక భవనాల్లో గణతంత్రాన్ని ప్రకటించేసుకున్నారు. లిస్బన్ వసారాకు దక్కిన కీర్తిలో వాళ్లకూ వాటా ఉంది.

భవనం దక్షిణపు గోడను ఆనుకుని పోయే ఆర్సెనాల్ వీధిని కూడా ఒకసారి నడవండి. 1908 ఫిబ్రవరి 1న రాజు కార్లుష్‌ను, యువరాజును నదీతీరపు చౌకు మూలన కాల్చినప్పుడు, వాళ్ల బండి తిరిగినది ఈ వీధిలోకే. 1974 ఏప్రిల్ 25న కెప్టెన్ సల్గైరు మాయా సేనకు ప్రభుత్వపు యుద్ధట్యాంకులు ఎదురుపడినదీ ఈ వీధిలోనూ దీని పక్కన నది వెంబడి వీధిలోనూ, అక్కడ కాల్చమన్న ఆజ్ఞను సైనికులు పాటించకపోవడంతోనే నియంతృత్వం కూలడం ఖాయమైంది. ఒక రాజు చావు, ఒక రాజరికపు ముగింపు, ఒక నియంతృత్వపు పతనం, మూడూ ఈ భవనపు నీడ పడేంత దూరంలో జరిగాయి.

ఇక మూడో మంట. 1996 నవంబరు 7న నిప్పంటుకుని పై అంతస్తులు పోయాయి, మొదటి అంతస్తులోని చిత్రాల పైకప్పులు కూడా దెబ్బతిన్నాయి. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇక్కడ అసలైన చిక్కు ఎదురవుతుంది. కాలిన తరువాత దేన్ని తిరిగి తేవాలి? నిన్నటి దాకా ఉన్న స్థితినా, లేక 1880లో ఉన్న స్థితినా? ఈ రెండూ ఒకటి కావు, ఎందుకంటే నడుమ వందేళ్లలో కార్యాలయపు అవసరాలు పెరిగి, గదులు విడగొట్టి, పైన చేర్పులు చేసి, భవనాన్ని చాలా మార్చారు. పునరుద్ధరణకు నాయకత్వం వహించిన వాస్తుశిల్పి సిల్వ దియష్ మొదటి రూపకల్పనలోని పొందికను తిరిగి తేవడాన్నే మార్గంగా ఎంచుకున్నారు. ముందున్న చౌకు నేలను చిత్రకారుడు ఎదువార్దు నేరి గీసిన కొత్త రేఖాగణితపు నమూనాతో పరిచారు.

ఈ ఎంపికతో అందరూ ఏకీభవించరు. కాలిన చోట కాలిన గుర్తు ఉండాలని, పాతదాన్ని పోలిన కొత్తది కట్టడం ఒక రకమైన అబద్ధమని వాదించేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. మామూలుగా నేనూ ఆ పక్షమే. కాని ఇక్కడ మాత్రం వాళ్లు చేసినది సరైనదనే నా అభిప్రాయం. కారణం ఏమిటంటే ఈ భవనానికి అమూల్యమైనది దాని కొయ్యా సున్నమూ కాదు, 1863లో అవి ఒకసారి పోయాయి కూడా. దాని విలువ మెట్లు ఎక్కి, గౌరవ మందిరం దాటి, వసారాలోకి వచ్చి, చౌకులోని జనాన్ని చూసే ఆ నడకలో ఉంది. ఆ నడకను అడ్డగోడలు తినేసినప్పుడు, వాటిని తొలగించడానికి మంట ఒక అవకాశం ఇచ్చింది, వాళ్లు దాన్ని వాడుకున్నారు. కొత్తదనం చూపించాలన్న కోరికను మాత్రం చౌకు నేల మీద తీర్చుకున్నారు. ఆ నేలను చూడడానికి మనిషి ఎత్తు చాలదు. వసారా నుంచి చూస్తే అర్థమవుతుంది, కింద నడిచేవారికి అది కేవలం గజిబిజి. ఇది నాకు కొంచెం కొరతగానే తోస్తుంది.

వెళ్లవలసిన వేళ గురించి ఒక మాట. భవనం ముఖం పడమటికి ఉంది. ఉదయం వెళితే శిఖరంలోని శిల్పం నీడలో మునిగి చప్పగా ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక వెళితే పక్కవాటుగా పడే ఎండలో మూర్తులు ఒక్కొక్కటిగా విడివడతాయి. పక్కనే ఉన్న పాత సావ్ జులియావ్ చర్చిని పోర్చుగల్ కేంద్ర బ్యాంకు ఇప్పుడు డబ్బు మ్యూజియంగా మార్చింది. దాని నేలమాళిగలో 13వ శతాబ్దపు దినిష్ రాజు కట్టించిన నగర ప్రాకారపు గోడ ఉంది, అంటే మొదటి మంటకు ముందున్న లిస్బన్‌ను తాకి చూడగలిగిన కొద్ది చోట్లలో అది ఒకటి.

పోర్తు వరకూ వెళ్లే ఉద్దేశం ఉంటే అక్కడి నగరపాలక భవనాన్ని దీనితో పోల్చి చూడండి. అంతోనియు కొర్రేయ ద సిల్వ రూపకల్పనలో 1920లో మొదలై, మూడు దశాబ్దాలకు పైగా సాగి, 1950ల్లో గాని వాడుకలోకి రాలేదు. నల్లరాతి గంట గోపురం 70 మీటర్ల ఎత్తుంటుంది. లిస్బన్‌ది చౌకుకు మించిన భవనమైతే, పోర్తుది చౌకంత భవనం. ఇంకా ఈశాన్యానికి వెళ్లగలిగితే బ్రగాంస కోటలో ‘దోముస్ మునిసిపాలిస్’ అనే చిన్న నల్లరాతి కట్టడం తప్పక చూడండి. ఐదు అసమానమైన భుజాలు, కింద నీటి తొట్టె, పైన చుట్టూ కమాను కిటికీలున్న సభామందిరం. మధ్యయుగపు పౌర కట్టడాలు ఇంత చక్కగా మిగలడం అరుదు. నా ఓటు దానికే, కాని ప్రయాణం దూరం.

చివరగా మీరు పంపిన ఫోటో సంగతి. అది కల్పితం కాదు. 1910 ప్రకటనకు గుర్తుగా ప్రతి అక్టోబరు 5న దేశాధ్యక్షుడు ఈ వసారాలో జెండా ఎగరేయడం ఆనవాయితీ. 2012లో అధ్యక్షుడు కవాకు సిల్వ తాడు లాగగా జెండా తలకిందులుగా పైకి వెళ్లింది, నడుమనున్న కవచంలోని కోటలు నేల వైపుకు తిరిగాయి. పక్కన నిలబడి ఉన్న మేయర్ అంతోనియు కోస్తా తండ్రివైపు మూలాలు గోవాలోని మడ్‌గావ్‌లో ఉన్నాయి. 2015లో ఆయన ప్రధాని అయ్యారు. ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉన్న ఆ రోజుల్లో, శత్రువు చేతికి చిక్కిన కోట మీద జెండాను ఇలాగే తిప్పి ఎగరేసేవారని పత్రికలు ఎత్తిపొడిచాయి. పొదుపు పేరుతో 2013 నుంచి ఆ రోజు సెలవును కూడా రద్దు చేశారు, 2016లో తిరిగి ఇచ్చారు. కాబట్టి అక్టోబరు మొదటి వారంలో అక్కడ ఉంటే 5వ తేదీ ఉదయం తొందరగా చౌకుకు చేరుకుని శిక్షాస్తంభం మెట్ల దగ్గర చోటు పట్టుకోండి, వసారా అక్కడి నుంచి సూటిగా కనిపిస్తుంది.